నా ఎదుట కూర్చున్నవాళ్ళు

నేను నలుపు తెలుపుల టీవీని. హైదరాబాదు ఈసీఐఎల్‌లో తయారైన ఈసీ టీవీని. చెక్క పెట్టె, ముందు పక్కలకు జరిగే తలుపులు, చానెల్ మార్చే గుండ్రటి నాబ్, వెనక పొడుగాటి గాజు గొట్టం. ఆ గొట్టం మెడలోంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు తెర మీద 625 గీతలుగా పరుచుకుని సెకనుకు 25 బొమ్మలు గీస్తాయి. నా లోపలి సంగతులు ఇంతవరకు చాలు. ఆ 25 అనే అంకెను మాత్రం మరిచిపోకండి. దానితో నాకొక బాధ ముడిపడి ఉంది.

1982లో చిక్కడపల్లిలోని ఒక వాటాల ఇంటికి వచ్చాను. ఆ ఏడు ఆగస్టు 15న దూరదర్శన్ రంగుల్లోకి మారింది. నవంబరు 19న ఢిల్లీలో ఆసియా క్రీడలు మొదలయ్యాయి. వీధి చివర మేడలో రంగుల టీవీ దిగిందని పిల్లలు కబురు తెచ్చారు. ఆ ప్రసారం నాకూ అందేది కానీ, నేను చూపగలిగింది బూడిద ఛాయలే. అయినా మా ముందుగదిలో కాలు పెట్టే చోటుండేది కాదు. మేడవాళ్ళు గేటు మూసుకున్నారు. మా ఇంటాయన తలుపు తెరిచి ఉంచాడు. క్రీడల చిహ్నమైన అప్పు ఎటూ ఏనుగు పిల్లే కనుక, దాన్ని చూసిన పిల్లలకు రంగు లేని లోటే తెలియలేదు.

మీరందరూ నన్ను చూస్తారు. నేను మిమ్మల్ని చూస్తాను. పోటీలు ఢిల్లీలో జరుగుతుంటే, చిక్కడపల్లిలో వాటి వెలుగు పడిన ముఖాలన్నీ నా ఎదుటే ఉండేవి. ఇంటాయన తల్లి, మేమంతా మామ్మ అని పిలిచే ఆమె, తెర మీద ఆడపిల్లలు నిక్కర్లతో పరుగు తీయడం చూసి మొదటిరోజు మొహం తిప్పుకుంది. "ఏటి బట్టలివి?" అంది. రెండురోజులు తిరక్కుండానే పి.టి. ఉష పరిగెడుతుంటే ముందుకు జరిగి, "పద తల్లీ, పద!" అని నేల మీద అరచేత్తో కొట్టింది. ఉషకు 100, 200 మీటర్లలో వెండి పతకాలు వచ్చాయి. వల్సమ్మ 400 మీటర్ల హర్డిల్స్‌లో బంగారం గెలిచింది. మన ఆడపిల్లల హాకీ జట్టూ బంగారం తెచ్చింది. పక్కవాటా ఇల్లాలు అన్నం కంచం చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి చూసింది, ముద్ద నోటికి పోలేదు.

తర్వాత డిసెంబరు 1 వచ్చింది. పురుషుల హాకీ ఫైనల్, పాకిస్తాన్‌తో. గది నిండి జనం కిటికీ చువ్వలు పట్టుకు వేలాడారు. మొదటి గోలు మనదే. ఆ అరుపుకు నా మీదున్న పూలకుండీ కదిలింది. ఆ తర్వాత వాళ్ళవే ఏడు గోల్స్. ఒకరొకరే లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు గోలు కీపర్ మీర్ రంజన్ నేగీని నానా మాటలూ అన్నారు. "అమ్ముడుపోయాడు" అన్నాడొకాయన. ఆ నింద ఒక్క మా గదిలోదే కాదు, దేశమంతా అదే అంది. ఏ ఆధారం చూసి అన్నారు? వాళ్ళు చూసిందల్లా నేను చూపిన ఆ కాసేపటి బొమ్మలే. బంతి వలలో పడటం చూపించాను. అంతమంది ఎదురాటగాళ్ళు ఒక్కడి మీదికి వచ్చిపడటానికి ముందు మన రక్షణ ఎక్కడ చెదిరిందో వాళ్ళు పట్టించుకోలేదు. ఆ క్రీడల్లో మనకు వచ్చినవి 13 బంగారు పతకాలు, మొత్తం 57 పతకాలు. ఆ గదిలో ఏళ్ళ తరబడి తలుచుకున్నది ఆ 1-7నే. ఆ అన్యాయం ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

ఇక ఆ అంకె సంగతి. 1984 లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. ఉష 55.42 సెకన్లలో వచ్చింది. కంచు పతకం గెలిచిన రుమేనియా అమ్మాయి కొజొకారు 55.41లో వచ్చింది. సెకనులో నూరో వంతు తేడా. మా గదిలో పెద్దలు "ఛాతీ ముందుకు వంచాల్సింది", "చివర్లో నెమ్మదించింది" అంటూ తీర్పులు చెప్పారు. నేను ఒక్క బొమ్మ గీయడానికి సెకనులో పాతికో వంతు కావాలి. ఆమె పతకం పోగొట్టుకున్నది అందులో నాలుగో వంతు కాలానికి. ఆ తేడాను పట్టుకునే శక్తి నా తెరకే లేదు. నేను చూపలేనిదాన్ని చూసినట్టే వాళ్ళంతా మాట్లాడారు. రెండేళ్ళకు సియోల్ ఆసియా క్రీడల్లో ఆమె 4 బంగారు పతకాలు గెలిచినప్పుడు, ఆ నోళ్ళే "మన ఉష" అన్నాయి.

రంగుల టీవీ మా ఇంటికీ వచ్చింది. నన్ను మామ్మ పడుకునే వెనకగదిలోకి నెట్టారు. నెత్తిన మందుల డబ్బా, పాత పంచాంగాలు, ఇస్త్రీకి వేయాల్సిన బట్టలు. వెనక చిల్లుల్లోంచి దుమ్ము లోపలికి దిగి, వానాకాలం చిటపటమని శబ్దం చేసేదాన్ని. తుడిచేవాళ్ళు లేరు. వెలుగు తగ్గింది, బొమ్మ అంచులు కుంగిపోయాయి. మామ్మ ఒక్కతే నన్ను వదల్లేదు. వార్తలు చూసేది.

2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో కంచు పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ. ఆ రాత్రి వార్తల్లో ఆ బొమ్మ నా మీద పడింది. మామ్మది శ్రీకాకుళం వైపు. "ఓలమ్మ! ఇది మన ఆమదాలవలస పిల్ల కాదేటి!" అని లేచి కూర్చుంది. ముందుగదిలోంచి మనవడు "కంచే కదా మామ్మా, ఆఖరి ప్రయత్నం తప్పకుంటే బంగారమే" అన్నాడు. నిజమే. చివరిసారి 137.5 కిలోలకు పోయింది, నిలవలేదు. అంతకుముందు స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. "బియ్యం బస్తా వంద కిలోలు. ఇద్దరు మగాళ్ళు పడితేగానీ బండెక్కదు. అంతకు మించి తలపైకెత్తిన పిల్లని తక్కువ చేస్తావేటి?" అంది మామ్మ. నా ఎదుట కూర్చున్నవాళ్ళలో ఆటను ఆటగత్తె వైపునుంచి తూచినది ఆమె ఒక్కతే.

మామ్మ పోయాక నన్ను మెట్ల కిందకు చేర్చారు. అక్కడ చీపుళ్ళు, పగిలిన బకెట్లు. పిల్లి ఒకటి నా మీద ఈనింది.

2016 ఆగస్టు 19 సాయంత్రం రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్లో పి.వి. సింధు ఆడుతుంటే చూడలేకపోయాను, విన్నాను. యాంటెనాల కాలంలో వీధి అంతా ఒక్కసారే అరిచేది. ఇప్పుడు ఒకరికి కేబులు, ఒకరికి డిష్, ఒకరికి ఫోను. పక్కింటి కేక ముందు, మా ఇంటి కేక తర్వాత. మొదటి గేమ్ 21-19తో గెలిచినప్పుడు పైనుంచి దుమ్ము రాలింది. మిగతా రెండూ కరోలినా మారిన్ గెలిచింది. సింధుకు వెండి. ఈసారి ఎవరూ తిట్టలేదు, పిల్లలు చప్పట్లు కొట్టారు. అది విని పొంగిపోయాను. కానీ అదే ఊళ్ళో ఫోన్లలో ఆమె కులమేమిటని వెతికినవాళ్ళూ ఉన్నారని తెలిసి మనసు విరిగింది. ఏళ్ళ సాధన చేసిన పిల్లను చూసి అడగాల్సిన ప్రశ్న అదా?

పోయిన నెల నన్ను పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. ఇప్పుడు గోడ పక్కన బోర్లా పడి ఉన్నాను. నాకంటే ముందొచ్చిన టీవీల గొట్టాల మెడలు విరగ్గొట్టి, రాగి తీగ లాక్కుని, గాజును కాలవ పక్కన పోశారు. ఆ గాజులో సీసం ఉంది. పగిలితే మట్టికీ నీళ్ళకూ చేటు, పగలగొట్టే కుర్రాడి ఒంటికీ చేటు. మీ అటక మీదో మెట్ల కిందో నాలాంటి టీవీ ఉంటే బండివాడికి వేయకండి. ప్రభుత్వ అనుమతి ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల కేంద్రానికి పంపండి.