టార్ సూత్రమునకు టీకా తాత్పర్యములు

అవతారిక: జీతముల ఫోల్డరు శుక్రవారము సాయంకాలమున సర్వరునుండి మాయము కాగా, సోమవారము ఉదయమున అకౌంట్సు గుమాస్తా "నేనేమీ ముట్టుకోలేదండీ" యని ముమ్మారు ప్రమాణము చేయగా, ముట్టినవారెవరను విచారణను పైయధికారులకు విడిచి, సిస్టం అడ్మిను బీరువా తెరచి, గతవారపు టేపును డ్రైవులో నమర్చి పఠించు సూత్రమిది.

మూలము: టార్ ఎక్స్‌వీఎఫ్ /డెవ్/ఎన్‌ఎస్‌టీ0 జీతాలు

టీక: టార్ = 1979 నాటి ఏడవ యునిక్సునుండి వాడుకలోనున్న టేపు ఆర్కైవు ప్రోగ్రామా; ఎక్స్ = దాచినదానిని వెలికిదీయుము; వీ = తీసిన ప్రతి ఫైలు పేరును తెరపై చూపుము; ఎఫ్ = ఇక చెప్పబోవు చోటినుండియే తీయుము; /డెవ్/ఎన్‌ఎస్‌టీ0 = పని ముగిసినను వెనుకకు చుట్టుకొనని మొదటి టేపు డ్రైవునుండి; జీతాలు = ఆ పేరుగల ఫోల్డరును మాత్రమే.

తాత్పర్యము: ఓ టార్! టేపునందలి జీతముల ఫోల్డరును, పేర్లు చూపుచు, నేను నిలిచిన డైరెక్టరీలోనికి దింపుము.

విశేషములు: 'ఎన్' అక్షరము వ్యర్థమని పూర్వపక్షము. అర్ధమాత్ర తగ్గినను పుత్రోత్సవముగ నెంచు వైయాకరణుల తోవనే నడచు సూత్రకారుడు అక్షరమును వృథాగ చేర్చునా? ఎస్‌టీ0 అని మాత్రమే యన్నచో, ప్రతి ఆజ్ఞ ముగియగనే టేపు మొదటికి చుట్టుకొనును. కావున సోమవారము మొదలు వరుసగ వ్రాసిన నాలుగు బ్యాకప్పులలో గురువారపుదానికై వాని నడుమనుండు మూడు గురుతులు దాటించినను, దాటిన ఫలము దక్కక, సోమవారపు జీతములే వెలికివచ్చును.

'ఎక్స్'నకు మారుగ 'సీ' పడెనా, అది క్రొత్త ఆర్కైవును వ్రాయుమను ఆజ్ఞ యగును. వ్రాత పడిన చోటినుండి ఆవలనున్న పాతదంతయు ఇక చదువ నలవికాదు. ఈ రెండక్షరములును కీబోర్డుపై ఇరుగుపొరుగులు. కనుకనే పెట్టె అంచుననున్న చిన్న మీటను వ్రాతనిషేధము వైపునకు జరిపిన పిమ్మటనే టేపును లోనికి త్రోయుట శిష్టాచారము. వెలికిదీయుటయు ఖాళీ డైరెక్టరీలోనికే కావలయును. ఏలయన అదే పేరుగల క్రొత్త ఫైలున్నచో టార్ అడుగకయే దానిని చెరపివేయును.

కోరిన ఫోల్డరు దొరకినను టార్ ఆగదేమి యని మేనేజరుగారు ప్రశ్నింతురు. అదే పేరు మరల ముందెక్కడనైన రావచ్చునను శంకతో అది ఆర్కైవును తుదివరకు పారాయణము చేయును.

ఇంతటి మందగమనమునకు ఆదరమేల? 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేరు దోషమువలన జీమెయిలు ఖాతాదారులలో నూటికి 0.02 వంతు మంది ఉత్తరములు మాయమైనప్పుడు, పలు డేటా సెంటర్లలోని ప్రతులకును ఆ దోషమే సోకగా, వానితో పొత్తులేక వేరుగనున్న టేపులనుండియే గూగులువారు ఉత్తరములను తిరిగి చేర్చిరి. తక్షణమే మాట వినని వస్తువు తక్షణమే చెడదు. టేపునకు జాడ్యమే కవచము.

ఫలశ్రుతి: ఏమియు పోని దినముననే ఈ సూత్రమును నెలకొకమారు పఠించి, వెలికివచ్చిన ఫైలును తెరచి చూచుకొనువాడు జీతములను సకాలమున పొందును. బ్యాకప్ విజయవంతమని రాత్రి వచ్చు మెయిలును నమ్మి నిద్రించువానికి ఫలశ్రుతి చెప్పబడలేదు.