పెళ్లి లేని పందిరి

విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. కొత్త విండోస్ ఎక్కని పాత కంప్యూటర్లను తూకానికి అమ్ముకోకుండా లినక్స్ వేసుకోమన్న సలహా అప్పటి నుంచి గట్టిగా వినిపిస్తోంది. సలహా మంచిదే. పైసా ఖర్చు లేదు, నాలుగు జీబీల ర్యామ్‌తోనూ బండి నడుస్తుంది, పెన్‌డ్రైవ్ పెట్టి ఎక్కించడం గంట పని. ఎక్కించాక ఏం చేయాలో మాత్రం ఆ సలహాలో ఉండదు. ఎవరూ చెప్పకపోయినా అందరం చేసేది ఒకటే, ముస్తాబు. నల్లగొండలో హాస్టల్ గదైనా, మహబూబ్‌నగర్‌లో అద్దె గదైనా, లినక్స్ ఎక్కిన మొదటి నెల ఎట్లా గడుస్తుందో చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు. ఆ నెలను పొరపాటున కూడా ఏ పనీ అడ్డం రాకుండా గడపడానికి కొన్ని పద్ధతులున్నాయి. అవి కింద రాస్తున్నాను. ఈ రోగం ఊళ్లో వాళ్లదేననీ, రాసేవాడు డాక్టరనీ అనుకోకండి. రోగుల చిట్టాలో నా పేరు పైవరుసలోనే ఉంది.

మొదటి పద్ధతి: డిస్ట్రో, అంటే లినక్స్‌లో ఒక రకం, ఎంచుకోండి. ఎంచుకున్న వారానికి మార్చండి. ఇందులో కిటుకేమిటంటే, మారేది పెద్దగా ఏమీ ఉండదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నలే అన్నిటి కడుపులోనూ ఉంటుంది. డెబియన్ నుంచి ఉబుంటు వచ్చింది, ఉబుంటు నుంచి మింట్ వచ్చింది. తాత, తండ్రి, మనవడు, ముగ్గురిళ్లలోనూ వంట ఒకటే, కంచాలే వేరు. ప్యాకేజీలు ఎట్లా కడతారు, కొత్త వెర్షన్ ఎప్పుడు వదులుతారు, మొదట ఏ డెస్క్‌టాప్ చూపిస్తారు అన్నవే ఆ తేడాల్లో ముఖ్యమైనవి. బ్రౌజరు తెరిచి ఉత్తరం రాసుకునేవాడికి ఇవేవీ తగలవు. అయినా ప్రతి డిస్ట్రోలోనూ వారం తిరక్కుండా ఒక లోపం కనిపిస్తుంది, పక్కదాంట్లో అది ఉండదనిపిస్తుంది. నల్లగొండ దగ్గరి ముషంపల్లిలో మనుషుల కంటే బోర్లే ఎక్కువని ఇరవై ఏళ్ల కిందట పత్రికలు రాశాయి. ఒకటి ఎండితే ఇంకొకటి, అదీ ఎండితే అప్పు తెచ్చి మరొకటి. డిస్ట్రోలు మార్చేవాళ్లను ఆ రైతులతో పోల్చబోయి చెయ్యి ఆగింది. ఆ రైతు తవ్వింది నీళ్లు లేక. మనకు మొదటి బోరులోనే నీళ్లు పడ్డాయి. పడ్డ బోరును పూడ్చి పక్కన ఇంకోటి వేసే రైతు జిల్లా అంతా తిరిగినా దొరకడు.

రెండోది వాల్‌పేపర్. నార్వే కొండలే పెట్టండి. ఇరవయ్యారు గేట్లెత్తిన నాగార్జునసాగర్, మూడెకరాల పిల్లలమర్రి మన జిల్లాల్లోవే కాబట్టి అందంగా ఉండవు.

మూడోది పారదర్శకత. కమాండ్లు కొట్టే టెర్మినల్‌ను అద్దంలా చేసుకుంటే వెనక కొండలు కనిపిస్తాయి, ముందు అక్షరాలు కనిపించవు. పక్కనే కాంకీ పెట్టండి. ప్రాసెసరు ఎంత పనిచేస్తోందో, ర్యామ్ ఎంత ఖాళీగా ఉందో అది సెకండు సెకండుకూ చెబుతుంది. మీరు ఎంత ఖాళీగా ఉన్నారో చెప్పే అంకె మాత్రం అందులో ఉండదు.

నాలుగోది ఎక్స్‌టెన్షన్లు. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ మూడో వెర్షన్ వచ్చినప్పుడు కిటికీలను కిందికి దించే బటన్ పోయింది, డెస్క్‌టాప్ మీది ఐకాన్లు పోయాయి. తక్కువ ఉంటే మనసు చెదరదని గ్నోమ్ తయారుచేసేవాళ్ల వాదన. ఆ వాదనలో పస ఉంది. అందుకే పోయిన వాటినన్నిటినీ ఒక్కొక్క ఎక్స్‌టెన్షన్‌తో తిరిగి తెచ్చుకుంటాం. గ్నోమ్ ఆరునెలలకోసారి కొత్త వెర్షన్ వదులుతుంది. వదిలినప్పుడల్లా వీటిలో కొన్ని పనిచేయడం మానేస్తాయి. అంటే ఏడాదికి రెండు పండుగలు ఖాయం, సెలవు మీరే పెట్టుకోవాలి.

ఐదోది అన్నిటికంటే ముఖ్యం. ఏది మార్చినా తెలుగు జోలికి మాత్రం పోకండి. పోతే నిజంగా పని తగులుతుంది. సిస్టం భాషను తెలుగుకు మార్చి చూడండి, ఒక మెనూలో నాలుగు వరుసలు తెలుగులో వస్తాయి, ఐదోది ఇంగ్లీషులో ఉంటుంది. కారణం కుట్రేమీ కాదు, అనువాదం చేసేది స్వచ్ఛందంగా ముందుకొచ్చిన కొద్దిమంది. వాడేవాళ్లు తక్కువ కనుక అనువదించేవాళ్లు తక్కువ, అనువాదం సగమే ఉంది కనుక వాడేవాళ్లు తక్కువ. 2005 ప్రాంతంలో మొదలైన స్వేచ్ఛ సంస్థ ఈ ముడి విప్పడానికే పూనుకుంది. డెబియన్ ఆధారంగా తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తెచ్చింది, బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ తెచ్చింది. ఇంజనీరింగ్ విద్యార్థులు కూర్చుని ఒక్కో మాటకు తెలుగు వెతికారు. ఆ పనికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు, తెలుగు వస్తే చాలు. కష్టమంతా ఆ తెలుగు దగ్గరే ఉంది. క్యాన్సిల్‌కు ‘రద్దు’ అని పెట్టాం, బాగుంది. మరి అబార్ట్‌కు? అన్‌డూకు? తప్పు కుట్టు పడితే ఇంట్లో ఆడవాళ్లు ‘ఇప్పి మళ్లీ కుట్టు’ అంటారు. ఆ ‘ఇప్పు’ను మెనూలోకి తేవచ్చా అని తేల్చుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది. అదే సాయంత్రంలో మూడు ఐకాన్ థీములు మార్చవచ్చు, స్క్రీన్‌షాట్లో కనబడేవి కూడా అవే.

కీబోర్డు సంగతీ అంతే. కేంద్ర ప్రభుత్వం 1986లో రూపొందించిన ఇన్‌స్క్రిప్టు లేఅవుట్ లినక్స్‌లో ముందే ఉంటుంది. గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. కుదురుగా కూర్చుంటే కొద్ది వారాల్లో వేళ్లకు పట్టుబడుతుంది. పోతన, ఆర్‌టీఎస్ లేఅవుట్లూ ఎం17ఎన్ అనే కీబోర్డు లేఅవుట్ల సేకరణలో ఉన్నాయి. మన డీటీపీ ఆపరేటర్లు పెళ్లిపత్రికలు కొట్టీ కొట్టీ వేళ్లకు ఎక్కించుకున్న యాపిల్ లేఅవుట్ కూడా అందులోనే ఉంది. ఈ ఒక్క ముక్క తెలియక లినక్స్ మనకు పనికిరాదని తేల్చేసిన దుకాణాలుంటాయి. వాళ్ల దగ్గర అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పెళ్లికూతురి పేరు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. వాటిని యూనికోడ్‌కు మార్చడం, మార్చినదాన్ని వరుసగా చదివి దిద్దడం ఊరికి పనికొచ్చే ముస్తాబు. రంగుల్లేని పని కాబట్టి మన జాబితాలోకి రాదు.

ఇక ఫాంట్లు. కోడు రాసే కుర్రవాళ్లు ఫీరా కోడ్ అనే ఫాంటును ప్రేమగా ఎక్కించుకుంటారు. అందులో గీత, దాని పక్కన కోణం గుర్తు కొడితే రెండూ కలిసి ఒక బాణం అవుతాయి. రెండు గుర్తులు అతుక్కోవడం చూసి మురిసిపోతాం. మన రాతలో ‘క్ష’, ‘స్త్ర’ అతుక్కోవడం శాసనాల కాలం నుంచీ ఉంది. అదే తెర మీద, అదే టెర్మినల్లో ‘నల్లగొండ’ అని కొట్టి చూడండి. చాలా టెర్మినళ్లలో వత్తు ఒకచోట, ఒత్వం ఒకచోట, సున్న ఒకచోట పడి, ఊరి పేరు సంత చెదిరినట్టు ఉంటుంది. టెర్మినల్‌ను సమానమైన గళ్లుగా కట్టారు, గడికి ఒక ఇంగ్లీషు అక్షరం. ‘ల్ల’ పైనా కిందా పరుచుకునే అక్షరం, ఆ గడిలో ఒదగదు. బాణం అతికినందుకు సంబరపడి, ఊరి పేరు విరిగినందుకు ఊరుకుంటాం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇచ్చే నాలుగు స్వేచ్ఛల్లో ఒకటి ప్రోగ్రామును చదివి మార్చుకునే స్వేచ్ఛ. దాన్ని మనం రంగు మార్చుకునే స్వేచ్ఛగా చదువుకున్నాం. గద్వాల సీమలో ఇటిక్యాలపాడు వారైన సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద ‘సురవరం’ అని ఒక ఉచిత ఫాంటు ఉంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పాడు. ఆయన పేరున్న ఫాంటును దించుకుని, దానితో ఏం రాయాలో తోచక, కాంకీలో గడియారానికి పెట్టుకున్నవాళ్లం మనం.

ఆరో పద్ధతి స్క్రీన్‌షాట్. దీనికోసం నియోఫెచ్ అనే చిన్న ప్రోగ్రాం ఉండేది, టెర్మినల్లో డిస్ట్రో గుర్తును అక్షరాలతో గీసి పక్కన కంప్యూటర్ వివరాలు చూపించేది. ఎనిమిదేళ్లకు పైగా లోకమంతా దాన్ని స్క్రీన్‌షాట్లలో ఊరేగించింది. 2024 ఏప్రిల్‌లో దాన్ని రాసినాయన ప్రాజెక్టు మూసేసి, వ్యవసాయంలోకి దిగానని ఒక్క వాక్యం పెట్టి వెళ్లిపోయాడు. ఎవుసం అంటే ఏమిటో తెలిసిన పాలమూరు వాళ్లు కూడా ఆ వాక్యం దగ్గర ఒక నిమిషం ఆగాలి. మనం ఆగలేదు, దాని బదులు ఫాస్ట్‌ఫెచ్ ఎక్కించుకున్నాం.

ఇంత చెప్పాక ఎదురుమాటలు రాకుండా ఉండవు. మొదటిది, నా కంప్యూటర్ నా ఇల్లు, వాకిట్లో ముగ్గు పెట్టుకుంటే తప్పా అని. తప్పేం లేదు. కానీ ముగ్గుకు ఒక గడువుంది. తెల్లవారకముందే పెట్టి లోపలికి పోతారు, తర్వాత ఇంటి పని మొదలవుతుంది. సంక్రాంతి నాడైనా పొద్దుగూకేదాకా వాకిట్లోనే కూర్చుని చుక్కలు చెరిపి మళ్లీ పెట్టేవాళ్లుండరు. రెండో మాట బలమైనది. ఈ ముస్తాబులోనే కదా లినక్స్ నేర్చుకునేది అంటారు. నిజం. కాన్ఫిగ్ ఫైల్లో ఒక అక్షరం తప్పు పడి తెర నల్లగా మిగిలినప్పుడు, నల్లతెర మీదే కమాండ్లు కొట్టి దాన్ని తిరిగి లేపినవాడికి ఏ కోర్సూ ఇవ్వని ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం మీద ఉద్యోగాలు చేసేవాళ్లూ ఉన్నారు. ఈ వాదన ముందు నేను సగం ఓడిపోతాను. మిగతా సగం ఇది: ఆ చదువు మొదటి ముస్తాబుకే దొరుకుతుంది. పన్నెండో థీము పదకొండో థీము నేర్పనిది ఏమీ నేర్పదు. ఒకటో తరగతి పన్నెండేళ్లు చదివినవాణ్ని పన్నెండో తరగతి పాసయ్యాడని అనం.

మూడోది, అయితే దేన్నీ మార్చొద్దా అని. మార్చాలి. ఎట్లా మార్చాలో ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే ఒక కొలత ఉంది. పోచంపల్లి చీరకు నూలు మీద చిటికి కట్టే ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు మేకుల చుట్టూ చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి, నాలుగైదు గంటల పని. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మికి ఆ పనితో భుజం పడిపోతుంటే, బడి మధ్యలోనే మానేసిన ఆ కొడుకు ఏడేళ్లు కొట్టుకుని 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. చీరకు గంటన్నర చాలింది. ఆ యంత్రానికి అమ్మ పేరే పెట్టుకున్నాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనా విప్పాడు, బిగించాడు, చెడగొట్టాడు, మళ్లీ మొదలుపెట్టాడు. బయటి నుంచి చూస్తే మన ముస్తాబుకూ ఆ ఏడేళ్లకూ తేడా తెలియకపోవచ్చు. ఆయన పని పూర్తయినప్పుడు ఒక భుజం నొప్పి తగ్గింది. మనది పూర్తయినప్పుడు డాక్ ఎడమ నుంచి కిందికి వచ్చింది. అది కూడా పూర్తయినట్టు కాదు, కిందనైతే కుడి మూల ఖాళీగా కనిపిస్తోంది.

ఏడో పద్ధతి: బ్యాకప్ తీసుకోకండి. మళ్లీ మొదటి నుంచి చేసుకునే భాగ్యం ఎందుకు పోగొట్టుకోవడం?

ఎనిమిదో పద్ధతి రాసేముందు పాఠకులకు ఒక మనవి. మీరు వాడే టెర్మినల్లో ‘నల్లగొండ’ అని కొట్టి చూడండి. వత్తు విడిపోకుండా, సున్న పక్కకు జరగకుండా, మన బస్టాండు బోర్డు మీద ఉన్నట్టే వస్తే అది ఏ టెర్మినలో, ఏ డిస్ట్రోలోనో ఒక ముక్క రాసి పంపండి. ఈ రాత్రికే మారిపోతాను.