భట్టిప్రోలు ఇటుక నాకు చుట్టం

లెడ్ ఏప్రన్ లోపల, ఎక్స్‌రే అమ్మాయి గుండెల మీద ఉండే టీఎల్‌డీ బ్యాడ్జిని నేను. ఆమెది భట్టిప్రోలు, ఉద్యోగం తెనాలిలో. "ఊపిరి బిగబట్టండి బాబాయ్‌గారూ" అని ఆమె అన్నప్పుడల్లా నా పని మొదలవుతుంది.

నా లోపల అల్యూమినియం పలక మీద మూడు చిన్న బిళ్ళలుంటాయి. డిస్ప్రోసియం చేర్చిన కాల్షియం సల్ఫేట్‌ను టెఫ్లాన్‌తో కలిపి చేసినవి. కిరణం సోకితే కొంత శక్తి ఆ స్ఫటికాల్లో చిక్కుకుపోతుంది. ల్యాబులో దాదాపు 285 డిగ్రీల వేడి తగిలినప్పుడు వెలుగై బయటపడుతుంది. ఆ వెలుగును బట్టే ఆమెకు సోకిన మోతాదు చెబుతారు. ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు.

నేను లేని రోజుల్లో మనిషి చర్మమే కొలబద్ద. 1895లో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనుక్కున్నాక, ఒళ్ళు ఎర్రబడితే ఎక్కువైందని అనుకునేవారు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు పోగొట్టుకుని 1904లో చనిపోయాడు. అతని చొక్కాకు నాలాంటిది ఒకటి ఉండుంటే అనిపిస్తుంది. 1928లో స్టాక్‌హోంలో రాంట్‌జెన్ పేరిట ఒక కొలత ఖాయమైంది. తర్వాత ఫిల్ము బ్యాడ్జీలొచ్చాయి. మన ఎండకూ ఉక్కకూ అవి తట్టుకోలేవు.

ఒక సాయంత్రం నన్ను తీసి పెట్టడం మరిచి ఆమె రేపల్లె రైలెక్కేసింది. ఇంటికి వెళ్తూ స్తూపం దగ్గర ఆగింది. 1892లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వి తీసిన భరిణెల గురించి, వాటి మీది బ్రాహ్మీ అక్షరాల గురించి అందరూ చెబుతారు. నా మనసు ఇటుకల మీదికే పోయింది. బట్టీలో కాలిన రోజున వాటిలోని క్వార్ట్జ్ రేణువులు పాత లెక్కంతా వదిలేశాయి. అప్పటి నుంచి మట్టిలోని యురేనియం, థోరియం, పొటాషియం కిరణాలను లోపలి ఇటుకలు రెండువేల ఏళ్లకు పైగా దాచుకుంటూనే ఉన్నాయి. పురావస్తు శాస్త్రజ్ఞులు పాత కుండల వయసు తేల్చడానికి చేసేదీ ఇదే: వేడిచేసి వెలుగు కొలుస్తారు.

ఇంతకుముందు నన్ను వేరే ఊళ్ళో ఒక కుర్రాడికి ఇచ్చారు. మూడు నెలలూ గోడ మేకుకే వేలాడాను. మోతాదు ఏమీ లేదని నివేదిక వచ్చింది. అది గోడ లెక్క. ఆ కుర్రాడి ఒంటికి ఎంత సోకిందో ఇక ఎవరూ చెప్పలేరు. బిళ్ళల్లోని లెక్క చెరిగిపోయినా ఆ బాధ నాకు చెరగలేదు.

ఇవాళ్టితో ఇక్కడా మూడు నెలలు నిండాయి. పోలిక కోసం కిరణాలకు దూరంగా ఉంచే కంట్రోల్ కార్డుతో కలిపి నన్ను కవర్లో పెట్టింది. రేపు ఆమె రైలు దిగి వచ్చేసరికి కొత్త కార్డు సిద్ధంగా ఉంటుంది. దాన్నీ ఏప్రన్ లోపలే పెట్టుకో తల్లీ.