శామీర్‌పేటలో రెండో షాపు

నాకు పాటలంటే ప్రాణం. పాటలు తెలిస్తే పాటల వ్యాపారమూ తెలిసినట్టే అనుకున్నాను. అందుకే సీడీల కాలం చివరికొస్తున్న 2009లో, మేడ్చల్‌లో ఉన్న షాపు చాలదని శామీర్‌పేటలో ఇంకోటి తెరిచాను. ఇంట్లో వద్దన్నారు. వినలేదు.

మేడ్చల్ షాపు క్యాసెట్లతో మొదలైంది. కోఠి గుజరాతీ గల్లీ నుంచి ఖాళీ క్యాసెట్లు డబ్బాలకు డబ్బాలు తెచ్చేవాణ్ని. గిరాకీ చీటీ మీద పాటలు రాసిచ్చి పోతే, డబుల్ డెక్‌లో 60 నిమిషాల క్యాసెట్ పెట్టి, ఏ వైపు ఎన్ని పాటలు పడతాయో లెక్క చూసుకుని, చివరి పాట మధ్యలో తెగకుండా ఎక్కించేవాణ్ని. స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్ తుడవందే కొత్త క్యాసెట్ మొదలుపెట్టేవాణ్ని కాదు. లోపలి అట్ట మీద పాటల పేర్లు నా చేత్తోనే రాసేవాణ్ని. కంపెనీ క్యాసెట్లూ అమ్మేవాణ్ని గానీ, ఇల్లు నడిచింది ఈ రికార్డింగుతోనే. అది దొంగ సరుకని ఒక్కనాడూ అనుకోలేదు.

సిటీలో ఆర్పీజీ గ్రూపు వాళ్ల మ్యూజిక్ వరల్డ్ చూశాక ఆశ పెరిగింది. చల్లటి ఏసీ, వరుసగా అరలు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని నచ్చితేనే కొనుక్కునే వీలు. పాటకు అంత మర్యాద చేసిన చోటు నేనెక్కడా చూడలేదు. అలాంటి షాపులు మా వైపూ ఉండాలని, వాటి మీద నా పేరుండాలని పట్టుబట్టాను.

2008లో శామీర్‌పేట మండలంలో బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ మొదలైంది. నల్సార్ లా యూనివర్సిటీ అప్పటికే ఉంది. ఆదివారం వస్తే చెరువు చూడటానికి సిటీ జనం ఎలాగూ దిగుతారు. ఇంతమంది చదువుకున్న పిల్లలు సీడీలు కొనకుండా ఎక్కడికి పోతారనుకుని, అప్పు తెచ్చి అద్దాల అరలు చేయించాను. ఒక కుర్రాడు వచ్చి ఇళయరాజా సీడీల అరంతా ఓపిగ్గా చూశాడు. "ఇవన్నీ మా హాస్టల్లో హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయన్నా" అన్నాడు. ఫోన్ చార్జర్ ఒకటి కొనుక్కుని వెళ్లిపోయాడు.

ఆ మాట నాకు కొత్త కాకూడదు. మేడ్చల్ షాపు ముందు "ఇచ్చట మెమరీ కార్డులో పాటలు ఎక్కించబడును" అని బోర్డు పెట్టింది నేనే. రెండు జీబీ కార్డులో దాదాపు 400 పాటలు పడతాయి. ఒక్క సీడీ ఖరీదు కూడా ఇవ్వకుండా అవన్నీ పట్టుకుపోయినవాడు మళ్లీ సీడీ ఎందుకు కొంటాడు? ఒక షాపులో పాటను కారుచౌకగా పంచిపెడుతూ, ఇంకో షాపులో అదే పాటను ధర కట్టి అమ్మాలని చూశాను. రెంటికీ యజమానిని నేనే అయ్యుండి, ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

పెద్ద షాపుల గతీ కనిపిస్తూనే ఉంది. అమెరికాలో టవర్ రికార్డ్స్ 2006లో మూతపడింది. ప్లానెట్ ఎమ్‌ను 2007లో వీడియోకాన్ కొని సెల్‌ఫోన్ల వైపు తిప్పింది. కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లోని మ్యూజిక్ వరల్డ్ 2013 దాకా నిలబడి మూతపడింది. అప్పటికి నా శామీర్‌పేట షట్టర్ ఎప్పుడో దిగిపోయింది. ఇదంతా ఇంటర్నెట్ వల్లేనని చాలాకాలం నలుగురికీ చెప్పుకు తిరిగాను. మా ఊళ్లలో ఇంటింటికీ నెట్ రాకముందే నాలాంటి షాపులవాళ్లం ఆ పని సగం చేసిపెట్టాం.

అరల కోసం చేసిన అప్పు మేడ్చల్‌లో సెల్‌ఫోన్ సామాన్లు అమ్మి తీర్చాను. పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు, పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు మాత్రం నా రికార్డింగు సొమ్ములో ఒక్క పైసా చేరలేదు. అది నేను చేసిన దొంగతనం.