వికేంద్రం బాబాయి

పొద్దున్న ఆరున్నరకి నా ఫోను మోగిందంటే ఇద్దరిలో ఒకరు. ఒకరు పాలాయన, రెండు బాబాయి. పాలాయన పండగ మామూలుకి చేస్తాడు. బాబాయి సర్వర్ అప్‌డేట్ అయినప్పుడల్లా చేస్తాడు.

"ఏరా, లేచావా? మళ్ళీ మార్చేశార్రా!"

"ఏం మార్చారు బాబాయ్?"

"అన్నీను. చెప్పాపెట్టకుండా!"

ఆ "అన్నీ" ఏమిటో తేలేసరికి నా కాఫీ చల్లారిపోతుంది. ఒకసారి అది గంట బొమ్మ అంచు గుండ్రబడటం. ఒకసారి ఎడమవైపు ఉండే మాట కుడివైపుకి జరగడం. బాబాయి గొంతు మాత్రం ఎప్పుడూ ఒకటే, రాత్రికి రాత్రి గట్టు జరిపేసిన పొలం పక్కన నిలబడ్డ రైతు గొంతు.

కాకినాడలో ఒకే ఆఫీసులో, ఒకే మూల, ఒకే బల్ల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. బల్ల ఒక్కసారి కిటికీ వైపు జరిపితే మూడు పేజీల అర్జీ పెట్టి వెనక్కి జరిపించుకున్నాడట. అలాంటి మనిషిని ఇంటర్నెట్టులోకి పంపిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మొదటి దెబ్బ 2015 నవంబరులో తగిలింది. ట్విట్టర్‌లో నక్షత్రం గుర్తు తీసేసి ఎర్రగుండె పెట్టారు. "బావుంది అనడానికి చుక్క చాలదట్రా? రోడ్డు మీద గుంతలున్నాయని ఎవడో రాస్తే, నిజమే నాయనా అనడానికి నేను వాడికి గుండె ఇచ్చుకోవాలా?" అని నెల రోజులు బాధపడ్డాడు. రెండేళ్ళకి 140 అక్షరాలు 280 అయ్యాయి. "పొట్టిగా రాయడం నేర్చుకున్నాక పొడుగు చేశారు" అన్నాడు.

సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాని ట్విట్టర్ నిలిపేసిందని, 2019 నవంబరులో మన దేశం నుంచి చాలామంది అలిగి మాస్టొడాన్‌కి తరలిపోయారు. హెగ్డేగారి తగువులో న్యాయాన్యాయాలు బాబాయికి అంతగా పట్టలేదు. కానీ వెళ్ళినవాళ్ళలో ఎవరో "అక్కడ ఇంకా నక్షత్రమే ఉందిట" అన్నారు. గుంపులో గోవిందా అని ఈయనా బయల్దేరాడు.

అక్కడ బాబాయికి స్వర్గం కనిపించింది. జర్మనీలో ఆయిగెన్ రోచ్కో అనే కుర్రవాడు 2016లో వదిలిన సాఫ్ట్‌వేర్ అది. ప్రకటనలు లేవు, వ్యాపారం లేదు, ఐదువందల అక్షరాలు. మాస్టొడాన్ అంటే ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగులాంటి జంతువు కాబట్టి, అందులో రాసేదాన్ని "టూట్" అనేవారు. అంటే ఘీంకారం. "మీ బాబాయి మేడ మీదున్నారు, ఘీంకరిస్తున్నారు" అని పిన్ని ఫోన్లో చెప్పేది.

వికేంద్రం బాబాయి అన్న పేరు స్థిరపడింది మాత్రం పెళ్ళి భోజనాల్లో. ఏ పంక్తిలో కూర్చున్నా పక్కవాడికి పప్పు వడ్డించేలోపు వికేంద్రీకరణ వడ్డించేవాడు. "కాకినాడ పోస్టాఫీసులో వేసిన ఉత్తరం రాజమండ్రి పోస్టాఫీసుకి వెళ్ళడం లేదుటండీ? అలాగే ఏ సర్వర్ దానిదే, మాటలు మాత్రం అటూఇటూ పోతాయి. 2018లో యాక్టివిటీపబ్ అని అందరికీ ఒక ప్రమాణం కూడా రాసిపెట్టారు. యజమాని అంటూ ఎవడూ లేడు." ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ విస్తట్లోంచి తలెత్తి, "పోస్టాఫీసులన్నీ ఒక్క శాఖవేగా?" అన్నాడు. బాబాయి పెరుగు దాకా మాట్లాడలేదు. తర్వాత పెళ్ళి నుంచి ఆ ఉదాహరణ మార్చేశాడు. ఎవరికీ చెప్పాపెట్టకుండానే.

2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ని కొన్నాక జనం తండోపతండాలుగా ఇటొచ్చి పడ్డారు. బాబాయి వాళ్ళని చూసిన చూపు నాకింకా గుర్తుంది. సామర్లకోటలో తోసుకుని ఎక్కినవాడు తుని వచ్చేసరికి తలుపుకి అడ్డంగా నిలబడి "ఖాళీ లేదండీ" అనే చూపు అది. ఆ నవంబరులోనే మాస్టొడాన్ 4.0 వచ్చింది. ఒక ఉదయం లేచి చూస్తే "టూట్" అన్న మీట లేదు, దాని స్థానంలో "పబ్లిష్" అని ఉంది.

"ఘీంకారం పోయిందిరా! ఇప్పుడు మనం గెజిట్ ప్రచురిస్తున్నాం" అన్నాడు. అమెరికాలో టూట్ అనే మాటకి పొట్టలో వాయువుకి సంబంధించిన అర్థం ఒకటుందని, పెద్ద మనుషులు ఆ మీట నొక్కడానికి మొహమాటపడుతున్నారని చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఏనుక్కి లేని అభ్యంతరం వీళ్ళకేమిటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అసలు కష్టం ఇక్కడే మొదలైంది. తిట్టాలి. ఎవర్ని?

ట్విట్టర్‌లో ఆ సుఖం ఉండేది. ఒక కంపెనీ, ఒక పెద్ద తలకాయ. పొద్దున్నే పేరు పెట్టి తిట్టి, పళ్ళు తోముకుని, పేపరు చదువుకునేవాడు. ఇక్కడ తన సర్వర్ నడిపే కుర్రవాడికి రాశాడు. పగలు ఉద్యోగం చేసుకుంటూ, చందాలు చాలకపోతే సొంత జేబులోంచి అద్దె కట్టి, అర్ధరాత్రి కూర్చుని కొత్త వెర్షన్ ఎక్కించే జీవుడతను. "నేను మార్చింది కాదు సార్, వెర్షన్‌తోపాటే వచ్చింది" అన్నాడు. సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళ దగ్గరికి వెళితే, బాబాయిలాంటి వేరే భక్తుడెవరో ఎదురై, "కోడ్ అంతా బహిరంగమే, మీకు కావలసినట్టు మార్చుకోవచ్చు" అన్నాడు. సాంబారులో ఉప్పు లేదంటే, వంటగది తలుపు తీసే ఉంది వెళ్ళి వండుకోండి అన్నట్టు!

సర్వర్ మారచ్చు కదా అంటారు. మూడుసార్లు మారాడు. అదో విచిత్రమైన ఇల్లు మారడం. అనుసరించే బంధువులందరూ వెంట వస్తారు, సామాను మాత్రం రాదు. రాసినవన్నీ పాతింట్లోనే ఉండిపోతాయి. పైగా ఒక్కో సర్వర్‌లో ఒక్కో వెర్షన్. కొత్తింట్లో దిగిన వారానికి అక్కడా అప్‌డేట్ పడితే, బాబాయికి ఒకే మార్పు రెండుసార్లు జరిగినట్టయ్యేది.

ఇక "చెప్పాపెట్టకుండా" సంగతి. ఒక శనివారం కాకినాడ వెళ్ళి ఆయన ఫోను తీసుకుని చూశాను. పైన చిన్న మైకు బొమ్మ ఉంటుంది, సర్వర్ నడిపేవాళ్ళ ప్రకటనలు దాని వెనకే ఉంటాయి. 2020 నుంచీ ఉందది. నొక్కితే, శుక్రవారం రాత్రి అప్‌డేట్ ఉందని, కాసేపు అంతరాయం అని, కనిపించే తేడాలు ఇవీ అని వినయంగా రాసి ఉంది.

"ఇది నొక్కలేదా బాబాయ్?"

"అది యాడ్ అనుకున్నాన్రా."

"ఇందులో యాడ్స్ ఉండవనే కదా నువ్వొచ్చావు!"

బాబాయి ఫోను లాక్కున్నాడు.

అలాగని ఆయన్ని పూర్తిగా వెర్రివాణ్ణి చేయలేను. టూట్ మీట మీద మాట మారుతుందని తనకెవరూ ముందుగా చెప్పలేదన్నది నిజమే. ప్రోగ్రామర్లు చదువుకునే చిట్టాలో ఒక వాక్యంగా ఉంటే దాన్ని చెప్పడం అనరు. బొటనవేలికి కళ్ళుండవు, అలవాటే దాని కళ్ళు. చీకట్లో మంచం దిగి నేరుగా చెంబు దగ్గరికి వెళ్ళే చెయ్యి ఉంటుంది చూడండి, అదీ ఆ బొటనవేలు. చెంబు జరిపినవాడికి అది చిన్న పనే. ఈ మాట బాబాయితో ఎప్పుడూ అనలేదు. అంటే రోజూ ఆరింటికే ఫోను చేస్తాడు.

ఆయనకి నచ్చిన పాత రూపం, నిలువు వరసలన్నీ పక్కపక్కనే పరుచుకుని ఉండేది, కంప్యూటర్‌లో ఇప్పటికీ వస్తుంది. 2019 జూన్‌లో 2.9తో ఒంటి వరస పద్ధతి వచ్చాక దాన్ని సెట్టింగుల్లోకి నెట్టేశారు, అంతే. "అడ్వాన్స్‌డ్ వెబ్ ఇంటర్‌ఫేస్" పక్కన టిక్కు పెడితే చాలు. ఆ శనివారమే పెట్టి చూపించాను. ఆయన ముఖం వికసిస్తుందనుకున్నాను. "టిక్కు పెట్టాల్సి రావడమే అవమానంరా" అన్నాడు.

ఆ మాట అని కాఫీ కలపడానికి లేచాడు. పిన్ని గుడికి వెళ్ళింది. వంటింట్లోంచి డబ్బాల చప్పుడు పది నిమిషాలు వినిపించింది. పిన్ని వచ్చేసరికి గుమ్మంలోనే నిలబడి, "కాఫీ పొడి ఇక్కడుండాలి కదా, ఎప్పుడు మార్చావ్?" అన్నాడు.

"నాలుగేళ్ళయింది" అంది పిన్ని, చెప్పులు విడుస్తూ.

2025 నవంబరులో 4.5 వచ్చింది. ఒకరి పోస్టుని ఎత్తి మన మాట కింద పెట్టుకునే కోట్ సదుపాయం తెచ్చింది. ఎదుటివాణ్ణి నలుగురిలో ఎద్దేవా చేయడానికే అది పనికొస్తుందని 2018లో రోచ్కోనే వద్దన్నాడు. ఆ మాట బాబాయి ఆరేళ్ళుగా పెళ్ళిళ్ళలో అప్పగిస్తున్నాడు. ఆ వేళ ఆరింటికే ఫోను. "అయిపోయిందిరా. ఏనుగు కూడా పిట్టయిపోయింది. నేనైతే ఆ మీట ముట్టుకోను."

సాయంత్రం ఆయన పేజీ తెరిచాను. కోట్ వచ్చిందని సర్వర్ కుర్రవాడు పెట్టిన పోస్టుని బాబాయి కోట్ చేసి, పైన "ఇది ఎవరడిగారు?" అని రాశాడు. చక్కగా వచ్చింది. పన్నెండు నక్షత్రాలు కూడా పడ్డాయి.

రాత్రి మళ్ళీ ఫోను. ఈసారి గొంతులో కోపం, సంబరం రెండూ ఉన్నాయి. "ఒరే, 'ఫలానా ఆయన, మరో పదకొండుమంది' అని ఒకే ముద్ద చేసి చూపిస్తున్నాడేమిట్రా? ఇదివరకు ఒక్కొక్కళ్ళ పేరూ విడివిడిగా వచ్చేది కదా! ఇదెప్పుడు మార్చారు?"

"ఏడాది దాటింది బాబాయ్. 4.3లోనే వచ్చింది."

అవతల కాసేపు నిశ్శబ్దం.

"మరి ఇన్నాళ్ళూ నాకు కనపళ్ళేదేం?"

ఒక పోస్టుకి ఒకటికి మించి నక్షత్రాలు పడితేనే అది కనిపిస్తుంది.

ఫోను పిన్నికిమ్మన్నాను.