నా పేరు 48088

నాకు పేరు పెట్టినవాళ్లు లేరు, నంబరు వేసినవాళ్లున్నారు. 48088. ఈజిప్టులో పండి, 15,000 కిలోలుగా ఒకే కాగితం మీద అమ్ముడైన మెంతుల లాటును నేను. విడివిడిగా చూస్తే లెక్కకు అందనన్ని గింజలం, కాగితం మీద మాత్రం ఒక్కరమే. అందుకే మేము అనకుండా నేను అంటున్నాను. ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఒకే వేళ జర్మనీ గోదాములోనూ, ఫ్రాన్సు దుకాణంలోనూ, ఎవరి పళ్లెంలోనో కూడా ఉండగలను. ఇబ్బందీ అదే. ఎక్కడ ఏం జరిగినా నింద పడేది ఒకే నంబరు మీద.

మీ ఇళ్లలో నా చుట్టాలు చాలామందే ఉన్నారు. పోపులో ఎర్రబడేవాళ్లు, దోసెల పిండికి మినప్పప్పుతో కలిసి నానేవాళ్లు, వేగి పొడై మాగాయలో చేరేవాళ్లు. ఈజిప్టులో మమ్మల్ని నీళ్లలో మరిగించి, హెల్బా అని వేడివేడిగా తాగుతారు. మా వాళ్లలో చాలామందికి ఎక్కడో ఒకచోట నిప్పు తగులుతుంది. నాకు తగల్లేదు. నా కథంతా అక్కడే ఉంది.

2009 నవంబరులో డామియెట్టా రేవులో ఓడెక్కాను. ఆంట్వెర్ప్‌లో దిగి, రోటర్‌డామ్ మీదుగా జర్మనీ చేరాను. అక్కడి నుంచి నన్ను ముక్కలు చేసి పంచారు. కొంత ఇంగ్లండుకు వెళ్లి 50 గ్రాముల పొట్లాలయ్యాను. చాలా భాగం జర్మనీలోనే బస్తాల్లో ఉండిపోయాను. ఎండు విత్తనానికి తొందరేముంటుంది? ఏడాది దాటినా పడుకునే ఉన్నాను. నా పొట్టు ముడతల్లో ఇంకెవరైనా దాక్కుని ఉంటే వాళ్లూ నాతోపాటు పడుకునే ఉన్నారు. పశువుల పేడో, మనుషుల మురుగో నన్ను ఎప్పుడు తాకిందో ఎవరూ చూడలేదు. దిగుమతిదారు చేయి దాటకముందే అది జరిగి ఉండాలని మాత్రం యూరపు నిపుణులు తర్వాత తేల్చారు.

2011 మొదట్లో నాలో 75 కిలోలు లోయర్ శాక్సనీ రాష్ట్రంలో, బీనెన్‌బ్యూటెల్ దగ్గరున్న ఒక మొలకల తోటకు వెళ్లాయి. రసాయన ఎరువులు వాడని తోట, శుభ్రమైన మనుషులు. అక్కడివాళ్లు నన్ను నానబెట్టి, వెచ్చగా, తడిగా ఉంచారు. విత్తనం మొలకెత్తడానికి కావలసింది అదే. ఈ.కొలై అనే సూక్ష్మజీవి పెరగడానికీ సరిగ్గా అదే కావాలి. తిండి, తడి, వెచ్చదనం కుదిరితే అది ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. అదే వరస సాగితే ఒకటి పది గంటల్లో వంద కోట్లు దాటుతుంది. పైపైన కడిగితే పోదు, పొట్టు పగుళ్లలోకి నీళ్లు వెళ్లినంత సులువుగా మందు వెళ్లదు. అమెరికాలో మొలకల రైతులకు విత్తనాలను గాఢమైన క్లోరిన్ నీళ్లలో నానబెట్టాలని చెబుతారు. అలా చేసినా పూర్తి భరోసా ఇవ్వరు.

మూడు నాలుగు రోజుల్లో తెల్లటి కాడలు వేసి, మసూరు, అల్ఫాల్ఫా మొలకలతో కలిసి డబ్బాలకెక్కాను. అక్కడి నుంచి హోటళ్లకు, కంపెనీ క్యాంటీన్లకు, సలాడ్ బార్లకు బయల్దేరాను.

సలాడ్ బార్ నాకు నచ్చింది, దాచను. ఐసు మీద వరసగా స్టీలు గిన్నెలు. వాటిలో టమాటా, దోసకాయ, తురిమిన క్యారట్, మొక్కజొన్న గింజలు, చివర్న నేను. మా మీద ఏటవాలుగా ఒక అద్దం. వచ్చినవాళ్ల తుమ్ములూ తుంపర్లూ మా మీద పడకుండా పెట్టిన అద్దం అది. ప్రతి గిన్నెకూ ఒక పట్టకారు. చల్లని పదార్థాన్ని 5 డిగ్రీల లోపు ఉంచాలని, వేడి పదార్థాన్ని 60 డిగ్రీల పైన ఉంచాలని వంటవాళ్లు బట్టీ పట్టే లెక్క. నేనున్నచోట ఐసు కరగలేదు, అద్దం మీద మరక లేదు. తప్పు పట్టడానికి ఏమీ కనపడదు. కానీ ఆ అద్దం కాపలా కాసేది తినేవాళ్ల వైపు నుంచి. నేను వచ్చింది వంటగది వైపు నుంచి. ఐసు పనీ అంతే. అది సూక్ష్మజీవిని పెరగకుండా ఆపుతుంది, చంపదు. చంపేది నిప్పు. సలాడ్ బార్‌లో లేనిదీ అదే.

హాంబర్గ్‌లో ఒక మధ్యాహ్నం గుంటూరు వైపు మాట వినపడింది. కొడుకును చూడ్డానికొచ్చిన తల్లి, ఖాళీ పళ్లెం పట్టుకుని గిన్నెలన్నీ పరిశీలిస్తోంది.

"ఒరేయ్, ఈ సూపులో మాంసం ఉందేమో అడుగు."

"ఉందమ్మా, అడిగాను. ఆ పక్కదాంట్లో కూడా మాంసం ఉడికించిన నీళ్లే పోస్తారట. నువ్వు సలాడ్ పెట్టుకో, అంతా కూరగాయలే."

"అన్నీ పచ్చివేగా! సరేలే." ఆమె కళ్లు నా దగ్గర ఆగాయి. "ఇవి మెంతి మొలకలు కదూ? డాక్టరుగారు షుగరుకి మంచివన్నారు. ఇక్కడా దొరుకుతున్నాయి చూడు."

"కొంచెమే వేసుకోమ్మా, ఇక్కడ పళ్లెం తూకమేసి డబ్బులు తీసుకుంటారు."

ఆమె పట్టకారుతో చిటికెడంత తీసి టమాటా ముక్కల మీద చల్లుకుంది. విదేశంలో శాకాహారి దారి ఇది. మాంసం తగిలిన వేడి గిన్నెలన్నీ దాటుకుంటూ వచ్చి, మాంసం తగలని పచ్చి గిన్నె దగ్గర ఆగుతుంది. మడికి సరిపోయింది కదా, ఆరోగ్యానికీ సరిపోతుందని నమ్ముతుంది. ఆమెకేమైందో నాకు తెలియదు. నన్ను తిన్నవాళ్లలో చాలామందికి ఏమీ కాలేదు.

అయినవాళ్ల సంగతి చెప్పాలి. 2011 మే మొదటి వారంలో ఉత్తర జర్మనీలో ఒక్కొక్కరే ఆసుపత్రులకు రావడం మొదలైంది. నెత్తురు విరేచనాలు, తర్వాత మూత్రపిండాలు ఆగిపోవడం, కొందరికి మాట తడబడటం, ఫిట్స్. ఎర్ర రక్తకణాలు చితికిపోయి కిడ్నీలు మూతపడే ఈ జబ్బును హీమోలిటిక్ యురీమిక్ సిండ్రోమ్ అంటారు. మామూలుగా చిన్నపిల్లలకు వచ్చే జబ్బు. ఈసారి వచ్చింది పెద్దవాళ్లకు, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లకు. ఆరోగ్యం మీద శ్రద్ధ పెట్టి సలాడ్లు తినేవాళ్లకు. కారణం ఓ104:హెచ్4 అనే ఈ.కొలై రకం. పేగు గోడకు గట్టిగా అంటుకునే గుణమూ, షిగా విషాన్ని వదిలే గుణమూ రెండూ ఒకదాంట్లోనే కలిసిన రకం.

ఏం తిన్నారని రోగులను అడిగారు. హాంబర్గ్‌లో మొదట లోతుగా ప్రశ్నించిన 12 మందిలో ముగ్గురే మొలకల మాట ఎత్తారు. మిగతావాళ్లకు టమాటా గుర్తుంది, దోసకాయ గుర్తుంది, ఆకు గుర్తుంది. పైన చల్లిన నేను గుర్తులేను. కాబట్టి తర్వాతి ప్రశ్నల పట్టికలో నా పేరే లేదు. పచ్చి టమాటా, దోసకాయ, ఆకుకూరలు తినొద్దని మే 25న జర్మనీ ప్రజారోగ్య సంస్థ రాబర్ట్ కోఖ్ ఇన్‌స్టిట్యూట్ హెచ్చరించింది. మర్నాడు హాంబర్గ్ అధికారులు స్పెయిన్ దోసకాయల్లో ఈ.కొలై దొరికిందని ప్రకటించారు. దొరికిన మాట నిజమే, అది ఈ రకం కాదని తేలేసరికి నెలాఖరైంది. ఈలోగా స్పెయిన్ రైతులు దోసకాయలను టన్నులకొద్దీ పారబోశారు. ఆ తర్వాత రష్యా మొత్తం ఐరోపా సమాఖ్య కూరగాయలకే తలుపులు మూసింది. చివరకు రైతులకు నష్టపరిహారంగా సమాఖ్య 20 కోట్ల యూరోలకు పైగా ఇవ్వాల్సి వచ్చింది. నా పక్క గిన్నెలో చల్లగా కూర్చున్న దోసకాయ, నా మూలంగా దేశబహిష్కారానికి గురైంది.

నన్ను పట్టించింది తిన్నవాళ్లు కాదు, వంటవాడు. ల్యూబెక్‌లో ఒక రెస్టారెంటుకు విహారయాత్రల బృందాలు వచ్చి భోంచేశాయి, వాళ్లలో కొందరు జబ్బుపడ్డారు. పరిశోధకులు ఈసారి పద్ధతి మార్చారు. ఏం తిన్నారని అడగడం మాని, ఏం ఆర్డరిచ్చారని అడిగారు. బిల్లులు తీశారు. భోజనాల బల్ల దగ్గర సరదాగా దిగిన ఫొటోల్లో పళ్లేలు వెతికారు. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి, ఏ వంటకంలో ఏమేం వేస్తారో, ఎంతెంత వేస్తారో వంటవాడి నోట చెప్పించారు. అప్పుడు లెక్క తేలింది. మొలకలు పడిన పళ్లెం తిన్నవాళ్లకు జబ్బు వచ్చే అవకాశం, తిననివాళ్లకంటే 14 రెట్లు. జబ్బుపడ్డవాళ్లలో మొలకలు పడని పళ్లెం ఒక్కటీ లేదు. జూన్ 10న దోసకాయకు విముక్తి, నాకు శిక్ష ఒకేసారి ప్రకటించారు.

రెండు రోజుల ముందే, జూన్ 8న, ఫ్రాన్సులో బోర్డో పక్కన బెగ్ల్ అనే ఊళ్లో పిల్లల కేంద్రం ఒకటి వేడుక చేసుకుంది. వచ్చినవాళ్లకు చల్లని సూపు పోశారు. దాని మీద అలంకారంగా ఇంట్లో మొలకెత్తించిన గింజలు చల్లారు. ఆ గింజలు 50 గ్రాముల పొట్లంలో ఉన్న నేనే. అక్కడా జబ్బుపడ్డారు, అదే రకం సూక్ష్మజీవి. జర్మనీ తోటకూ ఫ్రాన్సు పొట్లానికీ ఉమ్మడి చుట్టరికం వెతుకుతూ వెనక్కి వెళ్తే, కాగితాలన్నీ 48088 దగ్గర కలిశాయి.

నా తరఫున ఒక్క మాట. ఎన్ని గింజలు పరీక్షించినా ఆ సూక్ష్మజీవి నాలో దొరకలేదు. ఈజిప్టు అధికారులు మాది కాదు పొమ్మన్నారు. 15 టన్నుల్లో ఏ పిడికెడు గింజల్లో అది కూర్చుందో, ఆ పిడికెడు అప్పటికే పళ్లేలకు వెళ్లిపోయి ఉండొచ్చు. పరీక్షలో దొరకలేదంటే లేదని కాదు. 1996లో జపాన్‌లోని సకాయిలో వేలమంది బడిపిల్లలు ఈ.కొలైతో జబ్బుపడితే ముల్లంగి మొలకల మీద అనుమానం పడింది. ఆ భయం పోగొట్టడానికి అప్పటి ఆరోగ్యమంత్రి నవోతో కాన్ కెమెరాల ముందు మొలకలు తిన్నారు. ఆ పళ్లెంలోవి మంచివని తేలిందేమో, పక్క పళ్లెం గురించి దానివల్ల ఏం తెలుస్తుంది? నేను నిర్దోషినని వాదించను. జర్మనీలోనే 3,842 మంది జబ్బుపడ్డారు. 855 మందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. 53 మంది చనిపోయారు. అంతా 75 కిలోల మెంతుల మీదుగా. ఆ జులైలో ఐరోపా సమాఖ్య ఈజిప్టు నుంచి కొన్ని రకాల విత్తనాల దిగుమతి ఆపి, మిగిలిన నన్ను వెతికి నాశనం చేయమంది. ఇప్పుడు నేను నివేదికల్లో నంబరుగానే బతుకుతున్నాను.

నంబరుకు నోరుంది కాబట్టి, సూట్‌కేసు సర్దుకుంటున్నవాళ్లకు నాలుగు మాటలు. కొత్త ఊళ్లో ఆవిరి లేచే గిన్నె, పచ్చి గిన్నె పక్కపక్కన ఉంటే ఆవిరికే ఓటెయ్యండి. పండు కావాలంటే మీ చేత్తో తొక్క తీసుకునేది తీసుకోండి. సలాడ్ బార్ దగ్గర ఐసు కరిగి నీళ్లయిందా, ఒక గిన్నె పట్టకారు ఇంకో గిన్నెలో ఉందా చూడండి, అలా ఉంటే అక్కడ ఆగొద్దు. రెండోసారి వడ్డించుకోవడానికి ఎంగిలి పళ్లెంతో వెళ్లకండి, కొత్తది అడగండి. జేబులో జెల్ ఉందని ధీమా పడకండి. నోరోవైరస్ లాంటివి దానికి సరిగా లొంగవు, సబ్బూ నీళ్లే దిక్కు. ఇక మొలకలంటారా, పసిపిల్లలు, గర్భిణులు, పెద్దవయసువాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు పచ్చివి ముట్టనే కూడదు. ఇంట్లో షుగరుకని మెంతులు మొలకెత్తించే అలవాటున్నవాళ్లు ఒక్కసారి వేడి నీళ్లలో ఉడకనివ్వండి. నా మర్యాదకేమీ తక్కువ కాదు.

అన్నిటికంటే ముఖ్యమైంది, నన్ను తిన్నాక జబ్బు బయటపడటానికి సగటున ఎనిమిది రోజులు పట్టింది. అప్పటికి విహారయాత్ర ముగిసిపోతుంది, విమానం దిగిపోతారు. జర్మనీ వెళ్లొచ్చిన స్వీడన్ వాళ్లు స్వీడన్‌లో, అమెరికా వాళ్లు అమెరికాలో పడకేశారు. మీరు హైదరాబాదులోనో విజయవాడలోనో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, నిన్నటి భోజనం గురించే చెబితే ఆయనకు దారి దొరకదు. విరేచనంలో నెత్తురు కనిపిస్తే ఆలస్యం చేయకండి, విరేచనాలు కట్టేసే మాత్ర మీ అంతట మీరు మింగకండి, ఓ.ఆర్.ఎస్. తాగుతూ ఆసుపత్రికి వెళ్లండి. పది రోజులు వెనక్కి వెళ్లి ఏ దేశంలో, ఏ ఊళ్లో తిన్నారో చెప్పండి. పర్సులో మిగిలిన బిల్లు చూపించండి, ఫోనులో పళ్లెం ఫొటో ఉంటే అదీ చూపించండి. కూరలు, రొట్టె, సూపు అని చెప్పి ఊరుకోకండి. పైన చల్లింది ఏమిటో కూడా చెప్పండి.