పదిహేను బిళ్ళలూ ఒక ఖాళీ గడీ

పజిళ్ళు ఆడితే బుర్ర పదునెక్కి ఉద్యోగంలో పైకొస్తారని పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో వాదిస్తున్నాను. వాదనకి ఏ లోటూ లేదు. పైకి రావడమే బాకీ.

పొద్దున్నే పేపరు రాగానే సుడోకు పేజీ నాది. అది నిండేలోగా కాఫీ చల్లారిపోతుంది, రామచంద్రపురం బస్సు ద్రాక్షారామం దాటిపోతుంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తే బ్లెచ్లీ పార్క్ కథ ఎత్తుకుంటాను. 1942 జనవరిలో లండన్లో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక గళ్ళనుడికట్టు పోటీ పెట్టింది. 12 నిమిషాల్లో పూర్తిచెయ్యాలి. ఆ తర్వాత పోటీకొచ్చిన వాళ్ళలో కొందరికి బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ల రహస్య సంకేతాలు విప్పే పనికి రమ్మని పిలుపులొచ్చాయి. "అలా నాకూ ఎప్పుడో ఒక ఉత్తరం వస్తుంది, చూస్తూ ఉండు" అన్నాను. వచ్చింది. కరెంటు బిల్లు.

"శ్రీశ్రీ అంతటివాడు పదబంధ ప్రహేళికలు కూర్చాడు తెలుసా?"

"ఆయన కూర్చారు, మీరు పూరిస్తున్నారు. డబ్బులు కూర్చినవాళ్ళకే ఇస్తారండీ."

మా ద్రాక్షారామం భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల్లో ఉంటుంది. కింద దర్శనం చేసుకుని, మెట్లెక్కి పైన శిరస్సు చూడాలి. కార్తీకమాసంలో కింద దణ్ణం పెట్టుకుని బయటికి రాగానే నా చెయ్యి జేబులోకి పోయింది, ఫోన్లో ఆట సగంలో ఉంది మరి. ఆవిడ పైకెళ్ళి అభిషేకం చూసి దిగొచ్చేసరికి నేనింకా మండపం స్తంభానికి ఆనుకునే ఉన్నాను. "దేవుణ్ణే సగం చూసిన మనిషికి నిండు ప్రమోషన్ ఎవరిస్తారు?" అంది, ప్రసాదం మాత్రం పూర్తిగా ఇస్తూ.

ఇలా లాభం లేదని శివరాత్రి తీర్థంలో ప్లాస్టిక్ పజిల్ ఒకటి కొన్నాను. పదహారు గళ్ళు, పదిహేను బిళ్ళలు, ఒక ఖాళీ. బిళ్ళల్ని జరిపి అంకెల్ని వరసలో పెట్టాలి. అచ్చం మా ఆఫీసే! ఒకాయన రిటైరై కుర్చీ ఖాళీ అయితేగానీ ఇంకొకడు కదలడు. దీన్ని కనిపెట్టిన నోయెస్ చాప్‌మన్ అమెరికాలో పోస్టుమాస్టరట, ఉద్యోగి బాధ ఉద్యోగికే తెలుస్తుంది. 1880లో ఆ దేశమంతా దీని పిచ్చిలో పడింది. తీరా 1891 నుంచీ శామ్ లాయిడ్ అనే పజిళ్ళాయన అది తన బుర్రలోంచి పుట్టిందే అని చెప్పుకు తిరిగాడు. పని ఒకరిది, పేరొకరిది. నేను రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని తేల్చిన లెక్కల కింద ఎవరి సంతకం పడుతుందో ఇక్కడ రాయను, ఇంకా కొన్నేళ్ళు సర్వీసుంది.

ఆ లాయిడే, 14, 15 బిళ్ళలు మాత్రం తారుమారైన పెట్టెని సరిచేస్తే వెయ్యి డాలర్లు ఇస్తానన్నాడు. ఇవ్వాల్సి వస్తుందన్న భయం ఆయనకి లేదు. అది ఎంత జరిపినా కుదరదని 1879లోనే జాన్సన్, స్టోరీ అనే ఇద్దరు గణితజ్ఞులు నిరూపించేశారు. అసలు ఆ బిళ్ళల్ని పేర్చగల తీరుల్లో సరిగ్గా సగం ఎన్నటికీ తేలనివే. మా యాజమాన్యం వారి ఇంక్రిమెంటు హామీ కూడా ఈ సగంలోదేనని నా అనుమానం.

ఇదంతా భోజనాల దగ్గర చెబుతూనే పక్కన పెట్టుకున్న పెట్టెని జరుపుతున్నాను. చివరి వరసలో 15, 14.

"నాన్నా, వాటిని నేనే ఊడదీసి మళ్ళీ పెట్టాను" అన్నాడు మావాడు, పప్పులో నెయ్యి కలుపుకుంటూ.

మా ఆవిడ పెట్టె లాక్కుని, చెంచా కొనతో రెండు బిళ్ళల్నీ టక్కున పైకి లేపి, అటుదిటూ ఇటుదటూ నొక్కేసింది.

"ఇది ఆట కాదు!" అని అరిచాను. "రూలు ప్రకారం జరపాలి. ఎత్తి పెట్టకూడదు!"

"మొన్న మిమ్మల్ని దాటి పైసీటుకెళ్ళిన కుర్రాడు ఎలా వెళ్ళాడన్నారు?"

"వాళ్ళ మావయ్య ఎవరితోనో ఫోన్ చేయించాడట..."

"మరేనండీ" అంది, అదే చెంచాతో పచ్చడి వడ్డిస్తూ.